డేరాలో ఆడవాళ్ల దిక్కు

నేను కోడలిగా దంతాలపల్లికి వచ్చేనాటికి మా బావ, అంటే మా ఆయన అన్న, సినిమా డేరా నడుపుతున్నాడు. కోతలయ్యాక ఊరి బయట మడిలో డేరా వేస్తే, మళ్లీ వానలు పడేదాకా ఆటలు. డేరా లోపల నిలువునా పరదా కట్టి ఒక పక్క మగవాళ్లను, ఒక పక్క ఆడవాళ్లను కూర్చోబెట్టేవారు. ఆడవాళ్ల దిక్కు చాలా చిన్నది. అదీ ఎన్నడూ నిండేది కాదు.

మా పుట్టిల్లు జనగామ. అక్కడ పక్కా సినిమా హాలు ఉండేది. అమ్మతో కలిసి మ్యాటినీలకు వెళ్లేదాన్ని. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది బడులు మూతపడ్డాయి, తర్వాత తెరిచినా నన్ను మళ్లీ పంపలేదు. చదువు ఆగింది గానీ సినిమాలు ఆగలేదు. అత్తగారింట్లో మాత్రం, ఇంటి పెద్దకొడుకే సినిమాలు ఆడిస్తున్నా, ఆడవాళ్లెవరూ డేరా మొహం చూడలేదు. మా అత్తమ్మ ఒప్పుకునేది కాదు. మగవాళ్లు బీడీలు కాల్చుకునే చోట మనకేం పని అనేది. డేరాను ఆమె ఎప్పుడూ గుడ్డల కొట్టం అనే పిలిచేది.

ఆ ఏడు బావ ఒక పెద్ద హీరో సినిమా మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో టముకు కూడా వేయించాడు. తీరా మానుకోట స్టేషన్లో దిగిన రీళ్ల బాక్సులు వేరే సినిమావి. పెద్ద సినిమా ఇంకా పట్నాల్లోనే ఆడుతోంది, ప్రింటు ఖాళీ అయ్యేదాకా దీనితో సరిపెట్టుకొమ్మని కంపెనీ వాళ్లు కబురు చేశారు. ఇదేమో హైదరాబాదులో వారం తిరక్కుండానే ఎత్తేసిన సినిమా. పేరున్న హీరో లేడు, కొట్లాటలు లేవు. భర్త పోయిన ఒక ఆడమనిషి, భర్త దాయాదులైన పాలివాళ్లు అడ్డుపడుతున్నా వినకుండా, తన బీడులో బావి తవ్వించుకునే కథ.

మొదటి రోజు మగవాళ్లు సగం ఆటలోనే దులుపుకుని లేచిపోయారు. రెండో రోజు ఇంకా పలచబడ్డారు. బావ ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. అన్నం కలిపాడు గానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. డేరా ఎత్తేసి ఎవుసం చూసుకుంటానన్నాడు. అత్తమ్మ ఏళ్ల తరబడి కోరుకున్న మాటే అది. కానీ కొడుకు మొహం చూశాక ఆమెకు ఆ మాట రుచించలేదు. కంచం తీసేసింది.

మరునాడు పొద్దుగూకే వేళకు తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని నన్ను పిలిచింది.

"నడువు, సూసొద్దాం. ఏం పాపం జేసిందని గా సినిమాను ఎవ్వలు సూస్తలేరో."

ఆడవాళ్ల దిక్కున మేమిద్దరం, చంటిపిల్లను ఒళ్లో వేసుకున్న ఇంకొకామె, అంతే. డేరాలో బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైటు వేసేవారు. లైటు పడ్డప్పుడల్లా అత్తమ్మ నావైపు తిరిగి, ఇప్పుడేమవుతుందని అడిగేది. నాకూ తెలియదంటే నమ్మేది కాదు. జనగామలో అన్ని సినిమాలు చూసినదాన్నని ఆమె లెక్క.

ఆ సినిమాలో ఒక కావలివాడున్నాడు. మిగతా అందరూ కోస్తా తెలుగు మాట్లాడితే, అతనొక్కడిచేత మన యాస మాట్లాడించారు. అతను నోరు తెరిస్తే చాలు పరదా అవతల మగవాళ్లు నవ్వారు. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"గాయన మన తీర్గనే మాట్లాడుతుండు గద. మరి దాంట్ల నవ్వుడేముంది?"

సినిమాల్లో మన మాట మాట్లాడేవాడు రౌడీయో, తాగుబోతో, తెలివితక్కువవాడో అయి ఉండడం నాకు అలవాటైపోయింది. చిన్నప్పుడు నేనూ నవ్వి ఉంటాను. ఆమెకు అదే మొదటి సినిమా.

చివర్లో బావిలో నీళ్లు పడినప్పుడు ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు మా చేనులో మిరపకాయలు ఏరుతున్నారు. కూలికొచ్చిన ఆడవాళ్లతోపాటు నేనూ ఒక సాలు పట్టాను. అత్తమ్మ కాయ కోస్తూ కోస్తూనే కథ మొదలుపెట్టింది. పేర్లు, పాటలు అన్నీ పక్కనపెట్టి, "ఒకామె ఉండె, మొగడు సచ్చిపోయిండు" అని ఎత్తుకుంది. ఆమె చెబుతుంటే సినిమాలో అందరూ మన మాటే మాట్లాడారు. ఆ ఆడమనిషి మన మాటే, పాలివాళ్లూ మన మాటే. కావలివాడి దగ్గరికొచ్చేసరికి అతన్ని అసలు నవ్వులాటగా చెప్పలేదు. ఊరంతా దూరంగా నిలబడితే ముందుగా గడ్డపార పట్టుకున్నవాడు అతనేనని చెప్పింది. సినిమాలో అట్లా లేదు. సరిచేద్దామని నోరు తెరిచి, ఏరేవాళ్లందరి చేతులూ ఆగిపోయి ఉండడం చూసి ఊరుకున్నాను.

బావిలో బండ తగిలేదాకా చెప్పి ఆమె లేచి నిలబడి కొంగు దులుపుకుంది.

"మరి నీళ్లు పడ్డయా పెద్దమ్మా?" అని పక్క సాలులోని ఆమె అడిగింది.

"నేనెందుకు జెప్త? పోయి సూడుండ్రి."

ఆ సాయంత్రం చేనులోని వాళ్లంతా డేరాకు వచ్చారు. వాళ్లు తమ వాడలో చెప్పారు. ఆ తర్వాత పక్క ఊళ్ల నుంచి సద్దులు కట్టుకుని బండ్ల మీద రావడం మొదలైంది. ఆడవాళ్ల దిక్కు నిండిపోయి పరదా కిందినుంచి అవతలికి జరగసాగారు. బావ పరదా విప్పి మగవాళ్ల వైపు జరిపి కట్టాడు. మగవాళ్లు గొణిగారు. కొన్నాళ్లకు మళ్లీ జరపాల్సి వచ్చింది. కావలివాడు తెరమీదికి వస్తే ఇప్పుడు నవ్వు లేదు. "మంచోడు పాపం" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట విన్నాక పరదా అవతలి నవ్వులు కూడా సన్నగిల్లాయి.

పట్నంలో వారం ఆడని సినిమా మా డేరాలో మిరప ఏరుళ్లు అయ్యేదాకా ఆడింది. నమ్మలేక కంపెనీ నుంచి ఒకాయన బెజవాడ బండి దిగి వచ్చాడు. ఆట చూశాడు, జనాన్ని చూశాడు, పబ్లిసిటీ ఎట్లా చేశారని అడిగాడు. బావ నవ్వి వాళ్లమ్మను చూపించాడు. అత్తమ్మ ఆయనకు చాయ ఇచ్చి, ఆ కావలాయన మాటకు నవ్వేటట్టు ఎందుకు చేశారని నిదానంగా అడిగింది. తాను సినిమాలు తీసేవాణ్ని కాదని, బాక్సులు పంపేవాణ్నని ఆయన చెప్పాడు. చాయ తాగడం పూర్తయ్యాక మాత్రం, మీరన్నది ఆఫీసులో చెబుతానమ్మా అన్నాడు. చెప్పాడో లేదో మాకు తెలియదు.

తర్వాత పెద్ద హీరో సినిమా వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది. బావ దిగులుపడలేదు. ఇకమీదట ఆడవాళ్లకు నచ్చేవి చూసి తెస్తానన్నాడు. ప్రచారం బండి మీద మైకులో అత్తమ్మనే కథ చెప్పమన్నాడు. ఆమె నావైపు చెయ్యి చూపించింది.

"నా గొంతు చేన్లకే సరిపోతది. పిల్ల సదువుకున్నది. దాన్ని ఎక్కియ్యి."

చుట్టాలేమంటారోనని మా ఆయనకు భయం ఉందని నాకు తెలుసు. తెల్లారి చూస్తే ఆయనే బండి కట్టి, మైకు గొట్టం తాళ్లతో బిగిస్తున్నాడు.

అదివరకు మైకులో చెప్పేవాళ్లంతా పుస్తకాల్లో ఉన్నట్టు చెప్పేవారు. నేనూ అట్లాగే మొదలుపెట్టి, రెండో మాటకే తడబడి ఆగాను. బండి పక్కన నడుస్తున్న అత్తమ్మ తలెత్తి చూసింది.

"ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడు బిడ్డా."

మాట్లాడాను. గొట్టంలోంచి నా మాటే, మా ఇంటి మాటే ఊరంతా వినబడుతుంటే చెవులు వేడెక్కాయి. గుమ్మాల్లోకి ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు.

ఆ మరుసటి ఏడు లారీలో డేరా వేసుకుని మొగుళ్లపల్లి దాకా వెళ్లాం. అత్తమ్మ కూడా మూట కట్టుకుని బయల్దేరింది. మొదటి రోజు, అక్కడ కిరాయికి తీసుకున్న ఎడ్లబండి పత్తి చేన్ల పక్కగా పోతుంటే, ఏరుతున్న ఒకామె నడుం ఎత్తి, "గీ సినిమాల ఏమైతదక్కా?" అని కేకేసింది. మా ఆయన ఎడ్లను ఆపాడు. నేను మైకు ఆపేసి, బండి దిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వాళ్ల సాలు వైపు నడిచాను.