ఎడమకు ఒరిగిన సావధాన్

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు నన్ను గోడ పక్కన నిలబెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసింది. చిక్కడపల్లిలో మా ఇంట్లోనే ఉండి ఫిజియోథెరపీ చదువుకుంటున్న పిల్ల, ఇంట్లో ఎవరు ఖాళీగా కనిపించినా వాళ్ల మీద తన పాఠం ప్రయోగించి చూడనిదే ఊరుకోదు. ఒకప్పుడు అదే చదువు చదువుతూ ఇంటిల్లిపాదినీ నేనూ ఇలాగే వేధించాను కనుక మారు మాట్లాడకుండా నిలబడ్డాను. ఫొటో మీద ఏవో గీతలు గీసుకుని, "అమ్మమ్మా, నువ్వు జర ఎడమకు ఒరుగుతున్నవ్, తెలుసా?" అంది. నడుము నొప్పా, మోకాళ్ల నొప్పులా అని ఆరా తీసింది. ఏమీ లేవన్నాను. ఆ తరువాత పుస్తకం ముందేసుకుని, తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషి నడక, నిలకడ ఒక్క నరాల మీదే ఆధారపడి ఉండవనీ, రక్తంలో తిరిగే హార్మోన్లకూ అందులో చెయ్యి ఉందనీ గట్టిగా చదవసాగింది. వింటూ ఉంటే నాకు మా మేనత్త కళ్ల ముందు మెదిలింది.

అత్తమ్మ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. మా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో డ్రిల్లు టీచరంటే తెల్ల చీర, కాన్వాసు బూట్లు, మెడలో విజిల్. ఆమె అశోక్‌నగర్ వీధి మలుపు తిరిగిందంటే చాలు, అరుగుల మీద వంగి కూర్చుని పేపరు చదివే పెద్దమనుషులు సైతం నడుములు సర్దుకునేవారు. "కూరగాయల సంచి మోసినట్టు నిలబడతవేందే, సక్కగ నిలబడు" అంటూ నా వీపు మీద ఆమె చరిచిన చరుపులకు లెక్క లేదు. మనిషి నిలబడే తీరు మీద నాకు ఆసక్తి కలిగించింది ఆమేనని, అందుకే ఫిజియోథెరపీ చదివానని అందరికీ చెప్పుకుంటాను. డాక్టరు సీటు రాలేదన్నది కూడా నిజమే అనుకోండి, కానీ అది చెప్పుకోవడానికి అంత అందంగా ఉండదు.

అటువంటి మనిషి ఒక సాయంత్రం మామ స్కూటరు వెనకాల ఒక పక్కకు కూర్చుని వస్తూ, నారాయణగూడ చౌరస్తా దగ్గర కుక్క అడ్డం రాగా మామ వేసిన బ్రేకుకు కింద పడింది. మామకు మోచెయ్యి గీరుకుపోయింది, అత్తమ్మ తల రోడ్డుకు కొట్టుకుంది. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికి వచ్చింది, అదే పదివేలు అనుకున్నాం. మాట తిరిగి వచ్చింది, మనుషులను గుర్తుపట్టింది, ఎడమ కాలు మాత్రం బలహీనపడి ఒళ్లంతా ఆ పక్కకే ఒరిగేది. నేను అప్పుడే నారాయణగూడలో ఒక చిన్న క్లినిక్‌లో చేరి ఉన్నాను. అక్కడి నిలువుటద్దం ముందు ఆమెను నిలబెట్టి, ఒరిగిన భుజాన్ని సరిచేస్తూ, నన్ను చిన్నప్పుడు చరిచిన మనిషి వీపు మీద చెయ్యి వేయడానికి మొదట భయపడ్డాను. శివరాత్రి నాటికి గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచింది. బడివాళ్లు మంచివాళ్లే, ఎండాకాలం సెలవులయ్యాక బడి తెరిచే నాటికి మైదానంలో నిలబడగలిగితే ఉద్యోగం ఆమెదేనని, లేకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదని అన్నారు. అత్తమ్మకు పిల్లలు లేరు. ఆ మైదానమే ఆమెకు సమస్తం.

తీరా ఆశ కలిగాక, ముందుకు పోవలసిన మనిషి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇక్కడ మామ సంగతి చెప్పాలి. ఆయన చిన్నప్పుడు కాచిగూడ వైపు తాలీంలో కుస్తీ నేర్చినవాడు. తాలీంలో ఉస్తాదు దగ్గర పెరిగినవాళ్లకు కసరత్తంటే పరగడుపునే. కడుపులో చాయ్ చుక్క పడినా ఆ పూట కసరత్తు దండగ అనేది వాళ్ల నమ్మకం. అత్తమ్మకూ అదే కట్టుబాటు పెట్టాడు. తెల్లవారగానే ఏమీ తినకుండా కుర్చీలోంచి లేవాలి, నిలబడాలి, కూర్చోవాలి, మళ్లీ లేవాలి, అదంతా అయ్యాకే చాయ్. ఆయనది కాఠిన్యం కాదు, తన బండి మీది నుంచి పడిన మనిషిని తన చేతులతోనే లేపాలన్న తపన. కానీ అత్తమ్మ కళ్లు తిరిగి, ఒళ్లంతా చెమటలు పట్టి, కుర్చీలో కూలబడేది. ఆమె కూలబడిన కొద్దీ ఆయన కసరత్తు పెంచేవాడు. నాయనమ్మ దిష్టి తీసేది, చూడవచ్చిన చుట్టాలు ఆమెకే లేవాలన్న మనసు లేదని గుసగుసలాడేవారు. ఒకనాడు మామ ఓర్చుకోలేక, "గంతమంది పిల్లలను నిలబెట్టినవ్, నువ్వు నిలబడవా?" అన్నాడు. అత్తమ్మ తలెత్తి, "నేను లోపల నిలబడే ఉన్న. ఒళ్లే నా మాట ఇంటలేదు" అంది. ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు.

ఇంతలో ఎండలు ముదిరాయి. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టుకుని, వాటి మీద నీళ్లు చల్లుకుంటూ మేమంతా ఉసూరుమంటుంటే, అత్తమ్మ రగ్గు కప్పమంది. నట్టెండాకాలంలో రగ్గేమిటని అందరూ నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఊపిరికి మంచిదని విజిల్ ఊదించబోతే గాలి తప్ప చప్పుడు రాలేదు. గొంతు బొంగురుపోయింది, కనుబొమలు పలచబడ్డాయి. కాలి బలహీనతకూ కనుబొమలకూ సంబంధం ఏమిటో తెలియక, మా క్లినిక్ పెద్ద డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, అత్తమ్మను వెంటనే హిమాయత్‌నగర్‌లో ఒక హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంది. ఆయన పొద్దున్నే రక్తం తీయించి పరీక్షలు చేయించాడు.

మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. తలకు తగిలిన దెబ్బకు అదీ దెబ్బతిని, ఆ సంగతి నెలల తరువాత బయటపడవచ్చట. అది పంపే కబురు అందకపోతే మూత్రపిండాల మీది గ్రంథులు, మెడలోని థైరాయిడ్ మందగించి, కండ ఉన్నా సత్తువ ఉండదు, ఒళ్లు వేడి పుట్టదు, లేచి నిలబడితే రక్తపోటు పడిపోతుంది, అందులోనూ పరగడుపున అయితే చక్కెర కూడా పడిపోతుంది. ఇదంతా విని మామ మొహం నల్లబడింది. డాక్టరు ఆయన భుజం తట్టి, "పొయ్యిల కట్టెలున్నయ్ సార్, అగ్గి లేదు. మీరు పాపం ఊదుకుంట కూసున్నరు" అన్నాడు. ముందు ఒక మాత్ర, అది ఒంటికి పట్టాకే రెండోది, ఆ వరస తప్పితే ప్రమాదమని మామ చేత చెప్పించుకుని మరీ పంపాడు. ఏదైనా తిన్నాకే మందు, ఆ తరువాతే కసరత్తు అని గట్టిగా చెప్పాడు.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి, పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించని మామ ఉప్మా చేసి, చాయ్ కాచి, కసరత్తు కుర్చీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్మా అడుగంటింది. అత్తమ్మ వంక పెట్టకుండా అంతా తిన్నది. నాకు తెలిసి వాళ్ల కాపురంలో అంతకంటే పెద్ద ముచ్చట లేదు.

మందు మంత్రం కాదు. మొదట మొహానికి కళ వచ్చింది, ఆ వెనక ఆకలి, ఆ వెనక నాయనమ్మ మీద కోపం. కోపం వచ్చిందంటే మనిషి కోలుకున్నట్టేనని మేమంతా సంబరపడ్డాం. రగ్గు పెట్టెలోకి వెళ్లింది. బడి తెరిచే ముందు వారం చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచింది. ఎడమకు ఒరగడం మాత్రం పోలేదు, పోదేమోనని ఆమెకూ తెలుసు.

బడి తెరిచిన రోజు మామ, నేను గేటు దగ్గరే ఆగిపోయాం, లోపలికి రావద్దని ఆమె ఆన. మెల్లగా మైదానం మధ్యకు నడిచి, విజిల్ ఊది, "సావధాన్!" అంది. పాత పిల్లలు కర్రల్లా బిగుసుకున్నారు. ముందు వరసలో కొత్తగా చేరిన చిన్న తరగతి పిల్లలు, సావధాన్ అంటే ఏమిటో ఎరుగనివాళ్లు, టీచరును పైనుంచి కిందికి చూసి, అచ్చం ఆమెలాగే నిలబడ్డారు. వరస వరసంతా, ఎంతో శ్రద్ధగా, ఎడమకు ఒరిగి. అత్తమ్మ వాళ్లను చూసింది, తనను తాను చూసుకుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. దెబ్బ తగిలాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు. వాళ్లను సరిచేయలేదు. "శభాష్, గట్లనే ఉండుండ్రి" అంది.

రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగం చేసింది, రోజూ తిన్నాకే మాత్రలు వేసుకుంటూ నిండుగా బతికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ మైదానంలో అపార్టుమెంట్లు లేచాయి. మామ కసరత్తు చేసిన తాలీం లేదు. అశోక్‌నగర్ వీధుల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలు ఫోన్ల మీదికి వంగి నడుస్తుంటే, వెనకనుంచి ఒక్క చరుపు చరిచే మనిషి లేదే అనిపిస్తుంది. అయితేనేం, ఆనాడు మేము రగ్గు చూసి తడుముకున్న సంగతి ఈనాడు చదువుకునే పిల్లల పాఠంలోనే ఉంది. మెదడుకు దెబ్బ తగిలితే ఏ పక్క కాలు ముడుచుకోవాలో కొంత కబురు రక్తంలోనూ వెళుతుందేమోనని జంతువుల్లో వెతికి చూస్తున్నారట కూడా. ఇంకో అత్తమ్మను ఎవరూ లేవాలన్న మనసు లేనిదని అనరు, అది నాకు చాలు.

మనవరాలు ఇంకా నన్ను వదల్లేదు. నా ఒరుగు సరిచేయడానికి కసరత్తులు రాసి పెడతానంటోంది. వద్దులే తల్లీ అన్నాను. ఆ రోజు విజిల్ వినగానే గేటు బయట అచ్చం అత్తమ్మలాగే సావధాన్‌లో నిలబడినవాళ్లలో నేనూ ఉన్నాను.