గురువుగారి పాత ఫైలు

ల్యాబ్‌లో అందరూ గురువుగారని పిలిచే ఆ సిస్టమ్ అడ్మిన్ ఎర్రర్ అనగానే ముందు కళ్లజోడు తుడుచుకుంటారు. తెర మీద మూడొందల లైన్లు మొత్తుకుంటున్నా చివరి లైను తప్ప చదవరు. "సోర్సు నుంచి కంపైల్ చేయడమంటే పిల్లలాటనుకున్నారా?" అని సణుగుతూ అంతా చెరిపించి మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఏ రోగానికైనా ఆయన దగ్గరున్నది ఆ ఒక్క మాత్రే.

వానల లెక్కలు వేసే ఒక పరిశోధకురాలి ప్రోగ్రాం నాలుగు రోజులుగా లింక్ కావట్లేదు, దాని ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కోవట్లేదు. సోమవారానికి ఫలితాలు పంపకపోతే ఆమె ఏడాది శ్రమ గంగపాలే. అందుకే ఆమె ఈసారి ఆయన పక్కనే కూర్చుని ఎర్రర్లన్నీ మొదటి లైను నుంచి చదివింది. ప్రోగ్రాంకి కావలసిన కొత్త లైబ్రరీ ఫైలుని వదిలేసి, అందరూ వాడే ఫోల్డర్‌లోని పాత కాపీని పట్టుకుంటోంది ముక్కల్ని అతికించే లింకర్.

"ఏ దద్దమ్మ పెట్టాడమ్మా దీన్నిక్కడ? మెడపట్టి గెంటాలి వాణ్ణి!" అని గురువుగారు ఎగిరిపడ్డారు.

ఆమె ఒక్క కమాండ్ కొట్టింది. ఆరేళ్ల కిందటి తేదీ, దాని పక్కన ఫైలు యజమాని పేరు కనిపించాయి. పేరు గురువుగారిదే.

ఆయన దగ్గి, "నువ్వెళ్లి టీ తాగి రామ్మా, నేను చూస్తాగా" అన్నారు.

ఆమె తిరిగొచ్చేసరికి ఫైలు ఉన్నచోటే ఉంది. యజమాని పేరు మాత్రం ఆమెదైంది. ఆరేళ్ల కిందటి తేదీ అలాగే ఉంది. ఆమె ఈ ల్యాబ్‌లో చేరింది నిరుడు.