కరువు సీనుకు నేను వేసిన యూరియా

కరువు చూపించమని జీతమిచ్చి పెట్టుకుంటే పచ్చిక బయలు పెంచిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి, పర్లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీద నాకే!

ఫిల్మ్‌నగర్ గుట్ట వెనక ఖాళీ స్థలంలో కరువు సీను తీయాలి. "ఎండిపోయిన నేల, నాలుగు ముళ్ల చెట్లు. అంతే కావాలి," అన్నారు డైరెక్టర్‌గారు. బోటనీ చదివానని తుమ్మ మొక్కలు పెంచే పని నాకు అప్పగించారు. సాయానికి యూసుఫ్‌గూడ నుంచి యాదమ్మ వచ్చేది. ఆవిడకు తోటపనిలో నా వయసంత అనుభవం.

మొక్కలు మోకాలెత్తు దాటడంలేదని కంగారుపడి రెండు బస్తాల యూరియా తెప్పించాను.

"ఏంది సార్ గిది? తుమ్మకు ఎరువు ఎవలన్న ఏస్తరా?" అంటూ యాదమ్మ ఒక మొక్క పీకి, వేళ్లకున్న బుడిపెలు చూపించింది. "దాని ఎరువు గివే. గాలిలకెంచి అదే జేస్కుంటది."

అక్షరాలా నిజం. ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలో ఉన్న నత్రజనిని చెట్టుకు తిండిగా మారుస్తాయి. అందుకే ఎంత బీడు నేలలోనైనా తుమ్మ బతికేస్తుంది. పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. అయినా ఏమన్నానో తెలుసా?

"యాదమ్మా, డిగ్రీ నీదా, నాదా?"

వాన పడింది. యూరియా మొత్తం గడ్డి జుర్రుకుంది. వారం తిరక్కుండా తుమ్మ మొక్కల్ని ముంచేసి నడుమెత్తు లేచింది. షూటింగేమో మర్నాడే.

"మేకల్ని తోలిద్దాం, గడ్డి మేసేస్తాయి!" అన్నాను.

యాదమ్మ నెత్తి కొట్టుకుంది. "సార్, మేక ముందుగాల తుమ్మాకే తింటది!"

విన్నానా? వినలేదు. మేకలు తుమ్మాకు మీద పెళ్లి బిర్యానీ మీద పడ్డట్టు పడ్డాయి. గడ్డిని వాసన చూసి వదిలేశాయి.

పొద్దున్నే డైరెక్టర్‌గారు వచ్చారు.

"చెట్లేవయ్యా?"

"మేకలు తిన్నాయండీ."

"మేకలెందుకొచ్చాయి?"

"గడ్డి కోసమండీ."

"అసలు గడ్డెందుకొచ్చింది?"

"చెట్లకు ఎరువేశానండీ."

"చెట్లు నిన్నడిగాయా?"

ఆయన అక్కడే గడ్డిలో కూలబడి, కరువు సీను కొట్టేసి డ్యూయెట్ రాయించారు. సినిమా విడుదలయ్యాక నేనూ యాదమ్మా చూడ్డానికి వెళ్తే, హాల్లో మా వెనక కూర్చున్నాయన మురిసిపోతూ అడిగాడు. "అబ్బ, ఏం పచ్చదనమండీ! ఇది ఊటీనా?"

యాదమ్మ వెనక్కి తిరిగి చెప్పింది. "కాదు సార్, యూరియా."

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, తన తిండి తాను వండుకునే ఏ చెట్టుకూ ఈ జన్మలో మళ్లీ వడ్డించను.