మిద్దె మీద సెల్లుకు మధ్యాహ్నం విశ్రాంతి

రెండు వేల సంవత్సరం దాటాక మాట. తమిళనాడులో, విరుదునగర్‌లో ఎం.ఫిల్ చేస్తూ, కోవిల్‌పట్టిలో మా ఇంటి మిద్దె మీద ఒక పోటీ పెట్టాను. ఒకవైపు ఇనుప చట్రానికి బిగించిన మామూలు సోలార్ పలక. పక్కన అగ్గిపెట్టెంత గాజుముక్క మీద పూసిన ఆర్గానిక్ సోలార్ సెల్లు. సిలికాన్‌కు బదులు ప్లాస్టిక్ జాతి రసాయనం. తేమ తగిలినా, ఎండ ఎక్కువైనా పాడయ్యే సుకుమారి. మా ఊరికి ఇంతకన్నా తగని సంబంధం దొరకదు. అది నెల పాటు ప్రాణంతో ఉండి, పలక పక్కన తన బలం ఎంతెంత తగ్గుతోందో చూపిస్తే నా థీసిస్ అయినట్టే. రెండో సెల్లు లేదు.

రీడింగులు ఒక పెట్టెలో వాటంతటవే పడతాయి. వారానికోసారి వచ్చి చూస్తాను. మొదటి వారం పలక బుద్ధిగా పనిచేసింది. సెల్లు పొద్దున బాగుంది, సాయంత్రం బాగుంది, నడి మధ్యాహ్నం మాత్రం దాదాపు సున్నా. రోజూ అంతే. మా ఊళ్ళో మనుషులు కూడా ఆ వేళకు అంతే కాబట్టి నాకు పెద్దగా అనుమానం రాలేదు.

మా గైడుకు వచ్చింది. వేడికి లోపల పొరలు విడిపోతున్నాయనీ, ఇవాళో రేపో పూర్తిగా పోతుందనీ, మళ్ళీ ఏడాది మొదటినుంచి చేసుకోవాలనీ చెప్పారు. చాలా మెల్లగా చెప్పారు. తిరుగు బస్సు కారసేవుకు పేరుపడ్డ సాత్తూరు దాటినా నాకు ఆకలి వెయ్యలేదు. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

మర్నాడు మిద్దె మీదే నీళ్ళతొట్టి నీడలో కూర్చున్నాను. మధ్యాహ్నం మా మేనత్త ఎక్కి వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పుల్లలు ఎండబెట్టిన మనిషి. పరిచిన మిరపకాయలు తిరగేసింది. అదే ఊపులో నా సెల్లునూ బోర్లా తిప్పిపెట్టింది.

ఎందుకత్తా అని అడిగాను.

"ఒకే పక్క ఎండితే ఎట్లరా? ఎండ తగ్గినాక మళ్ళీ తిప్పుతా. రోజూ నేనే చూసుకుంటుండా. ఆ పెద్దదాన్నే తిప్పలేకున్నా, బోల్టు గట్టిగా బిగించినావు."

సెల్లును మళ్ళీ వెల్లకిలా తిప్పి, ఎండలోనే దాని పక్కన కూలబడ్డాను. అత్త ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి, ఇంకో లోటా అడిగాను.

ఎస్టీడీ బూత్ నుంచి గైడుకు చెప్పాను. అయితే పొరల సంగతి పక్కనపెట్టి ఆ పూటనుంచే లెక్క కొత్తగా మొదలుపెట్టమన్నారు.

ఆ నెలంతా గ్రాఫులో పెద్ద పలక గీత దాదాపు కదల్లేదు. నా సెల్లు గీత మాత్రం రోజూ కాస్త కాస్త, ఎక్కడా తడబడకుండా, దిగుతూ వచ్చింది. ఒక వస్తువు పాడవుతుంటే అంత నిశ్చింతగా నిద్రపోవడం నాకు అదే మొదలు.