ఒక్క తప్పూ లేని తెలుగు

పక్క క్వార్టర్‌లో ఉండే అక్క సైకాలజీలో ఎంఏ చేస్తోంది. ప్రాజెక్టు కోసం ఆమెకు మరాఠీ, తెలుగు రెండూ చదవగలిగినవాళ్లు కావాలట. మా బొగ్గు గని కాలనీలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. చదివేవాళ్లే లేరు. అందరం మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లమే. అమ్మ నన్ను ముందుకు తోసింది.

"మా బిడ్డను తీస్కో. అది డైరీ గూడ తెలుగులనే రాస్తది."

నలుగురిలో నోరు విప్పని నాకు ఉన్న గొప్పల్లా ఆ డైరీయే. నాన్న దగ్గర అక్షరాలు దిద్ది, మిగతాది సొంతంగా నేర్చుకున్నాను.

అక్క రెండు కాగితాలు తెచ్చింది, ఒకటి మరాఠీ, ఒకటి తెలుగు. నిండా రంగుల పేర్లే, కానీ వేరే రంగుల్లో అచ్చు వేసినవి. 'ఎరుపు' అన్న మాట నీలం సిరాలో ఉంటుంది. మాటను వదిలేసి సిరా రంగు చెప్పాలి, గబగబా.

మొదట మరాఠీ. నీలం సిరాలో ఉన్న 'లాల్', అంటే ఎరుపు, చూసి "లాల్" అనేశాను. నాలుక కరుచుకునేలోపు ఇంకో తప్పు. సగానికే చెమటలు పట్టాయి.

తెలుగులో మాత్రం చివరిదాకా ఆగకుండా చెప్పేశాను. ఒక్క తప్పూ లేదు.

"చూసినవా! తెలుగుల మా బిడ్డను మించినోళ్లు లేరు!" అని అమ్మ మురిసిపోతూ చాయ్ పెట్టడానికి వెళ్లింది. అక్క నవ్వు ఆపుకుంటోంది.

"ఏందక్కా?"

"బాగ వచ్చిన భాషైతే చదవకు అన్నా కన్ను చదివేస్తది. అందుకే మరాఠీల తడబడ్డవ్. తెలుగుల మాట చదివేలోపే రంగు చెప్పేసినవ్."

నా డైరీలో నేను రాసుకున్నదే వేలు పెట్టి చదువుకుంటాను. అది భాష మీద గౌరవం అనుకునేదాన్ని.

"అమ్మకు చెప్పకక్కా."

"చెప్పనులే."

అమ్మ అప్పటికే కిటికీలోంచి ఎదురింటి పిన్నికి చెప్పేస్తోంది.

ఆ తెలుగు కాగితం నేనే ఉంచేసుకున్నాను. రోజూ పది పేజీలు పైకి చదవడం, ఆదివారం నాకు నేనే పరీక్ష పెట్టుకోవడం. వారాలు గడిచినా ఒక్క తప్పూ రాలేదు. ఇంత బాగా పాసవుతూ ఇంత దిగులు పడ్డది నేనొక్కదాన్నేనేమో.

మొన్న ఆదివారం నీలం సిరాలో ఉన్న 'ఎరుపు' చూసి "ఎరుపు" అన్నాను.

బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి కాగితం వైపు చూసింది. "గది నీలం గదనే! మంచిగ చెప్పేదానివి, ఏమైంది నీకు?"

"ఇంకోటి చూడమ్మా," అంటూ తరువాతి మాట మీదికి వెళ్లాను. అదీ తప్పే వచ్చింది.