రాజమణి వదిన ఏ కప్పు మీద నుంచీ పడలేదు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, కోరుట్ల నుంచి అన్నయ్య ఫోన్.

"తమ్మీ, మీ వదినె సచ్చిపోయిందిరా."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "పడ్డదా?"

అన్నయ్య అంత ఏడుపులోనూ కోపంగా అన్నాడు. "పడలేదురా. ఇంట్లనే."

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా బండి ఎలా నడిపానో నాకే తెలియదు.

తెలియనివాళ్లకు చెప్తున్నాను. రాజమణి వదిన మా పెద్దనాన్న కొడుకు భార్య. ఒకప్పుడు బీడీలు చుట్టేది. తర్వాత ట్రైనింగ్ తీసుకుని, ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు కడిగి, రిపేర్లు చూసే పనిలోకి వచ్చింది. అన్నయ్య ట్రాలీ ఆటోలో నీళ్ల ట్యాంకు తెచ్చేవాడు. పైకెక్కేది వదినే. అన్నయ్యకు నిచ్చెన చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ప్రతి పెళ్లిలో చెప్పి అందరినీ నవ్వించేది.

నిన్న టీ పెడుతూ ఛాతీ పట్టేసిందని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండెపోటు అన్నారు డాక్టర్.

నేను వెళ్లేసరికి వాట్సాప్ గ్రూపుల్లో వేరే కథ తిరుగుతోంది.

"సోలార్ ప్యానెల్ కడుగుతూ కరెంట్ షాక్‌తో మహిళ మృతి." కింద వదిన ఫొటో.

ఎవడు పెట్టాడో కానీ, దొరికితే వదిలిపెట్టను.

కరెంట్ షాకా? రాజమణి వదినకా?

ఒక్క రోజు సంగతి చెప్తాను. చదివాక కూడా ఫార్వర్డ్ చేయాలనిపిస్తే మీ ఇష్టం.

పోయిన ఎండాకాలం అన్నయ్యకు జ్వరమొస్తే, వదినకు తోడుగా సిరిసిల్లకు నేను వెళ్లాను. మరమగ్గాల షెడ్డు. పైన సిమెంటు రేకులు, వాటి మీద ప్యానెళ్లు. అక్కడ దుమ్ముతో పాటు నూలు పొట్టు కూడా అంటుకుని అట్ట కడుతుంది. మేం రావడం లేటైందని షెడ్డు ఓనర్ సత్తయ్య తనే బకెట్ పట్టుకుని పైకెక్కేశాడు.

మేం చేరేసరికి రేకు విరిగి ఆయన కాలు తొడదాకా లోపలికి దిగిపోయి ఉంది. కింద మగ్గాల దగ్గరున్నవాళ్లు కేకలు పెడుతున్నారు. ఆయన పైకి లేవడానికి ప్యానెళ్ల ఇనుప ఫ్రేము వైపు చేయి చాచాడు.

"ముట్టకు!" నిచ్చెన మీది నుంచే వదిన అరిచింది. "చెయ్యి ఎన్కకు తీస్కో!"

అప్పుడు కనబడింది నాకు. కోతులు పీకిన వైరొకటి పైతొడుగు ఊడి, తడి ఫ్రేముకు తగులుతోంది. చిటచిటమని సన్నటి చప్పుడు.

"మెయిన్ బంద్ జేసిన, ఏం గాదు!" అన్నాడు సత్తయ్య.

మనందరం చేసే తప్పే అది. కింద మెయిన్ ఆపితే పైన కరెంటు ఉండదనుకుంటాం. ఎండ పడుతున్నంతసేపూ ప్యానెల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. ఆ టైమ్‌లో నడినెత్తిన ఎండ.

"మందం బట్ట తేండ్రి! తెల్లది గాదు, నల్లది! ఎన్ని తాన్లుంటె అన్ని తేండ్రి!" అని వదిన కిందివాళ్లకు కేకేసింది.

బెల్టు తాడు గట్టిగా కట్టుకుని, రేకులకు బోల్టులు బిగించిన వరస మీదే అడుగు వేస్తూ వదిన నడిచింది. కింద ఇనుప దూలం ఉండేది అక్కడే. అటూ ఇటూ అడుగు పడితే ఆమె కూడా లోపలికే. మగ్గాల మీద పనిచేసేవాళ్లు అందించిన బట్టను నేను పైకి విసురుతుంటే, ఆమె మడతలు వేసి, ఎండ తగలకుండా ప్యానెళ్ల మీద కప్పుకుంటూ పోయింది.

అంత వణుకులోనూ సత్తయ్య, "అమ్మా, గవి ఆర్డర్ తాన్లు..." అన్నాడు.

"సప్పుడు చెయ్యకు సత్తన్నా. బట్టయితె మల్ల నేస్తవు. నిన్నెవలు నేస్తరు?"

అంతలో గాలికి బట్ట కొస ఒకటి లేచింది. మళ్లీ చిటచిట. సత్తయ్య కాలి దగ్గర రేకు ఇంకాస్త పగిలింది. ఆయన చేయి మళ్లీ ఫ్రేము వైపు పోబోయింది.

"సురేశూ, ఎక్కు! కట్టెతోని గా కొస ఒత్తిపట్టు!"

భయపడుతూనే ఎక్కాను. గోడ మీద నిలబడి, కడిగే బ్రష్షు కట్టెతో ఆ కొసను నొక్కిపట్టాను.

చప్పుడు ఆగింది.

అయినా వదిన ముట్టలేదు. మీటర్ పెట్టి చూసింది. మళ్లీ చూసింది. గ్లవ్స్ వేసుకుని వైరు విప్పి, దూరంగా జరిపింది. ఆ తర్వాతే నేనూ ఆ బోల్టుల వరస మీదే వెళ్లాను, ఇద్దరం సత్తయ్య చంకల కింద చేతులు వేసి లాగాం. కాలు బాగా కోసుకుపోయింది. ప్రాణం దక్కింది.

కిందికి దిగాక వదినను అడిగాను.

"భయమైతదా వదినా?"

"కాదా మరి? ఇంట్ల బిడ్డ ఉన్నది నాకు."

అంత జాగ్రత్త మనిషి. ఆమె పేరు మీద ఇలాంటి వార్త.

ఆ బిడ్డ మౌనిక. డిగ్రీ అయిపోయాక తల్లితో పాటే పని నేర్చుకుంది. ఇప్పుడు ఆ ఇల్లు నడవాలంటే ఆ పనే దిక్కు. నిన్న వదిన ఇంకా ఇంట్లోనే ఉంది, పూలదండలు కూడా రాలేదు. అప్పుడే కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి. రాయికల్ నుంచి ఒకాయన, కొడిమ్యాల నుంచి ఒకావిడ. ఇక మా ఇంటికి రావద్దమ్మా, మా డాబా మీద గట్లయితే మాకెందుకు తిప్పలు అని.

రాయికల్ ఆయనతో మౌనిక మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. గొంతు వణకలేదు.

"మా అమ్మ మీ డాబా మీద ఎన్నడన్న జారిందా సార్? పొయ్యి కాడ కూసున్నది కూసున్నట్టె పోయింది. దినాలయినంక నేనే వస్త. గేటు తియ్యుండ్రి."

ఫోన్ పెట్టేసి, తల్లి పాదాల మీద ముఖం పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోవడం లేదు.

ఆ మెసేజ్ పంపినవాళ్లు డిలీట్ చేయండి. దాన్ని నమ్మినవాళ్లకు నిజం చెప్పండి. మౌనిక వచ్చిన రోజు గేటు తీయండి. దండం పెట్టి అడుగుతున్నాను.

వదినా, ఎండలో చాలా తిరిగావు. ఇక నీడపట్టున కూర్చో. నీ ప్రాణం చల్లగా ఉండాలి.