టోపీలో నాలుగు ముళ్ళు

కీమోకి మా చెల్లెలి జుట్టంతా ఊడిపోయాక, అందరికంటే ముందు మోసం చేసింది చీర కొంగు. మా చర్చిలో ప్రార్థనకు ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకుంటారు. జుట్టు లేని తల మీద కొంగు నిలవదని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. ఏళ్ళ తరబడి క్వైర్‌లో పాడుతున్న మనిషి, ఆ ఆదివారం ఒక చేత్తో పాటల పుస్తకం, ఇంకో చేత్తో జారిపోయే కొంగు పట్టుకుని నిలబడింది. రెండో చరణంలో అది భుజం మీదికి దిగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. చెల్లెలు పాట ఆపలేదు గానీ, ఆ తర్వాత చర్చికి రావడం మానేసింది.

విగ్గు తెచ్చాను. చచ్చిన పిల్లి లెక్క ఉందని మంచం కింద పడేసింది. ఇంకా రెండు కీమోలు మిగిలి ఉన్నాయనగా, ఒక పొద్దున టీ తాగుతూ, "పాడనీకే పోనప్పుడు గీ సూదులెందుకక్కా, బంద్ చేద్దాం" అంది. మామూలుగా, పాలవాడిని మానిపిద్దాం అన్నట్టుగా అంది.

నాంపల్లిలో ఒక ముసలాయన ఉన్ని టోపీలు చేత్తో చేస్తాడని, అవి మెత్తగా ఉండి తలను పట్టుకుని ఉంటాయని దవాఖానలో నర్సమ్మ చెప్పింది. ఆమెకు అందులో ఏం మిగులుతుందో అని ముందు అనుమానపడ్డాను. నాకు అనుమానం ఎక్కువే, దాచుకోవడమెందుకు! ముప్పై ఏళ్ళు టీచరుగా పరీక్ష హాళ్ళలో నిలబడ్డ మనిషిని. అడిషనల్ షీట్ ఇచ్చే ముందు ఓ మూల ఎవరికీ కనబడని చుక్క పెట్టేదాన్ని, బయటి కాగితం లోపలికి రాకుండా. మా చెల్లెలు నవ్వుతుంది. "గొర్రె కసాయోణ్ని నమ్ముతదంటరు. నువ్వు గొర్రెను గూడ నమ్మవు" అని.

ఆబిడ్స్‌లో మా ఇంటి నుంచి నడిచే వెళ్ళాను. నాంపల్లి స్టేషన్‌కి ఇవతల సందులో, ఇనప పెట్టెల దుకాణం పక్కన మూడు మెట్లెక్కితే ఒక గది. లోపల తడి గొర్రె వాసన, సబ్బు వాసన. ముసలాయన తల నున్నటి బోడిగుండు. వాళ్ళ తాతల నుంచీ కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీలు చేసిన ఇల్లట. ఇప్పుడు అవి పెళ్ళికొడుకులు తప్ప ఎవరూ పెట్టుకోరని, ఎవరేది అడిగితే అది చేస్తానని చెప్పాడు.

"ఏ గుడ్డతో చేస్తరు చాచా?" అన్నాను.

"గుడ్డ కాదమ్మా, నమ్దా" అన్నాడు.

నాకు "నమ్మద్దా" అని వినబడింది. నమ్మద్దనే అనుకుంటూ స్టూలు మీద కూర్చున్నాను.

ఆ రోజు ఎవరిదో టోపీ చేస్తున్నాడు. ఏకిన ఉన్నిని పొరలు పొరలుగా పరిచాడు, ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా. వేడి సబ్బునీళ్ళు చిలకరించి అరచేత్తో రుద్దాడు. చాపలో చుట్టి ముందుకీ వెనక్కీ దొర్లించాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. దారం లేదు, మగ్గం లేదు, కుట్టు లేదు. నమ్దా అంటే ఇదన్నమాట. చాటంత ఉన్నది గంటన్నరలో పళ్ళెమంత అయింది. మిగతా ఉన్ని ఏమైందని అడగకుండా ఉండలేకపోయాను. "యాడికి పోలేదమ్మా, అండ్లనే ఉన్నది. దగ్గర పడ్డది" అన్నాడు. తర్వాత దాన్ని తలకాయంత కొయ్య దిమ్మకు తొడిగి, తడిగా ఉండగానే లాగి సాపు చేశాడు.

మా చెల్లెలి సంగతి చెబితే, తన దగ్గరున్నది ఈ నేల గొర్రెల ఉన్ని అని, అది గరుకని, జుట్టు లేని తల గీసుకుపోతుందని అన్నాడు. మెత్తటిది తెచ్చిస్తే చేస్తానన్నాడు. తనే తెచ్చి పెట్టొచ్చుగా? నా మెత్తటి ఉన్ని నొక్కేసి తన గరుకుది పెట్టడానికి కాకపోతే!

ఆన్‌లైన్లో తెప్పించాను. కాఫీ రంగుది, కుక్కపిల్ల పొట్టలా మెత్తగా ఉంది. ఇచ్చే ముందు రోజు తలుపేసుకుని, బేగం బజార్‌లో ఎప్పుడో కొన్న నీలం ఊలు ఉండలోంచి నాలుగు అంగుళం ముక్కలు కత్తిరించాను. ఉన్నిలో కలిసిపోయి కనబడకుండా పోతాయేమోనని ఒక్కోదానికి ఒక ముడి వేసి, ఉన్ని చుట్టలో నాలుగు చోట్ల దూర్చాను. టోపీలో నీలం కనబడితే ఉన్ని నాది. కనబడకపోతే ఆయన దొంగ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం చర్చికి వస్తానని చెల్లెలు ఒప్పుకుంది. టోపీ బాగుంటేనే అని షరతు పెట్టింది. బాగుంటే ఆ తర్వాతి కీమోకి కూడా వస్తుందని నేను నా మనసులో రాసుకున్నాను. ఆయన శనివారం సాయంత్రం రమ్మన్నాడు. నేను శనివారం పొద్దున్నే వెళ్ళాను. చెప్పకుండా వెళ్తేనే ఎవరి సంగతైనా తెలిసేది.

మెట్లెక్కి చూద్దును కదా, కాఫీ రంగు టోపీ ఆయన నెత్తి మీద ఉంది! దర్జాగా పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు.

"ఏంది చాచా ఇది! జబ్బు మనిషికి చేసింది మీరు పెట్టుకుంటరా?" అని అరిచాను. ఇనప పెట్టెల దుకాణం వాళ్ళు తొంగి చూశారు.

ఆయన కంగారు పడలేదు. "కూసోండ్రమ్మా. జుట్టున్నోల్లకు గుచ్చేది ఎర్కగాదు. నాదెట్లైన బోడి తల. నిన్నటిసంది పెట్టుకొని చూస్తున్న. ఇచ్చేముందు కడిగి ఆవిరి పట్టిస్త, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. పేపరు ముక్క ఒకటి నా ముందుకు జరిపాడు. దాని మీద మూడు నీలం ముడులు ఉన్నాయి. "ఇవి గుచ్చినయి. ఊలు గాదు, ప్లాస్టిక్. ఉన్నిల కలవది. ముల్లు లెక్క నిలబడ్డది. సూదితోని తీసి మల్ల సబ్బుపెట్టి రుద్దిన. మీకు మాల్ అమ్మినోడు మోసం చేసిండమ్మా, వాణ్ని నమ్మకుండ్రి."

బేగం బజార్‌లో ఊలని అడిగితే ఇచ్చారు, ఊలనే అల్లుకున్నాం ఇన్నేళ్ళూ. అది ప్లాస్టిక్ అని ఎవరనుకున్నారు?

మూడున్నాయి. నేను పెట్టినవి నాలుగు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. తప్పు ఎక్కడో ఉన్న అమ్మినవాడి మీదికి పోతుంది, నా పరువు నాకుంటుంది. నాలుగోది మాత్రం రేపు చర్చిలో మా చెల్లెలి తల మీద ఉంటుంది. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం ఊరుకున్నాను కూడా. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"ఇంకోటున్నది చాచా. నేనే పెట్టిన" అన్నాను.

"ఎందుకు?"

"మీరు ఉన్ని మారుస్తరేమో అని."

ఆయన మొహం నల్లబడింది. గ్లాసు కింద పెట్టాడు. "నేనా?" అన్నాడు, అంతే. టోపీ తీసి, తిరగేసి, వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "పాండ్రి, మీరు గూడ చూడుండ్రి. మీ కండ్లు మంచిగున్నయి" అన్నాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని వేలి కొసలతో అంగుళం అంగుళం తడిమాం. అరగంటకు, చెవి మీదికి వచ్చే చోట నా వేలికి తగిలింది. పొరల మధ్య ఇరుక్కుని ఇప్పుడిప్పుడే కొస బయట పెడుతోంది. ఆయన సూదితో పైకి లాగాడు. చిన్న గుంట పడింది. తడి సబ్బు చేత్తో అది పూడేదాకా రుద్దాడు.

"నాలుగేనా అమ్మా? నిజంగ?"

"నాలుగే."

నా మొహంలోకి చూశాడు. తడి టోపీని మళ్ళీ తన నెత్తికి పెట్టుకున్నాడు. "ఎందుకైన మంచిది. పొద్దూకినంక రాండ్రి" అన్నాడు. నా మీద అంత అనుమానమా అని నోటిదాకా వచ్చింది. మింగేసి మెట్లు దిగాను.

సాయంత్రం టోపీ ఇచ్చాడు. కాగితంలో చుట్టి ఇచ్చాడు గానీ, నాతో మాట్లాడలేదు.

ఆదివారం చెల్లెలు టోపీ పెట్టుకుని దాని మీద కొంగు కప్పుకుంది. ఉన్ని కొంగును పట్టుకుంది, జారలేదు. క్వైర్‌లో తన చోట నిలబడి రెండు చేతులతో పుస్తకం పట్టుకుని పాడింది. నేను పాట వినలేదు, దేవుణ్నీ తలచుకోలేదు. దాని చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. నాలుగే అని చెప్పాను కదా, నిజంగా నాలుగేనా? తలుపేసుకుని కత్తిరించినప్పుడు లెక్క తప్పలేదు కదా? రెండో చరణంలో దాని కుడి చెయ్యి పుస్తకం వదిలి పైకి లేచింది. చెవి దాకా వెళ్ళింది. కళ్ళజోడు సర్దుకుని చెయ్యి మళ్ళీ పుస్తకం మీదికి దిగింది. అందరూ నిలబడి పాడుతుంటే నేనొక్కదాన్నీ బెంచీలో కూర్చుని ఏడ్చాను.